ముప్పయ్యారు నంబరు బూట్లు

స్కారవిక్,
18 మే 2022, బుధవారం.

ప్రియమైన సిన్నెకు,

స్కారవిక్ నుంచి బోర్గిల్డ్ ఎన్నో ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, మా ఆయన టోర్లైవూ, నా పాత వాషింగ్ మెషీనూ కులాసాగానే ఉన్నాం. మెషీన్ కాస్త ఎక్కువ మొరాయిస్తోంది, టోర్లైవ్ కాస్త తక్కువ. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ, అన్నిటికన్నా ముఖ్యంగా నీ తలా కులాసాగా ఉన్నాయని మొన్న సోమవారం రేడియోలో విన్నాను. విన్నాకే కలం పట్టుకున్నాను.

కవరు మీద నా పేరు చూసి చింపకుండా పక్కన పడేస్తావేమోనని, ఉత్తరాన్ని మేకపాల చీజ్‌తో కలిపి పార్సిల్ కట్టాను. మన గోధుమరంగు చీజ్ కోసం జర్మనీలో నువ్వు మొహం వాచిపోయి ఉన్నావని మీ పిన్ని చెప్పింది. చీజ్ కోసమైనా విప్పుతావు. విప్పాక, పెట్టిన మనిషి రాసింది చదవకుండా తినేసేంత కఠినురాలివి కావు నువ్వు. ఆ నమ్మకంతోనే రాస్తున్నాను.

ముందు రేడియో సంగతి చెబుతాను. మర్నాడు పదిహేడో తారీఖు, మన దేశం పండగ కదా, ఊరేగింపు అయ్యాక పిల్లలంతా క్లబ్బు కొట్టు ముందు వాఫిళ్ళకి వరస కడతారు. వాళ్ళకోసం పొద్దున్నే పెద్ద గిన్నెలో పిండి కలుపుతున్నాను. అంతలో వార్తల తర్వాత నీ గొంతు వినిపించింది. డాక్టర్లు తల లోపలంతా ఫోటోలు తీశారనీ, కొత్త దెబ్బ తాలూకు మచ్చ గానీ పాతదాని తాలూకు మచ్చ గానీ ఏమీ లేదన్నారనీ, వచ్చే వారం ఫైనల్లో ఆడతావనీ చెప్పావు. నిన్నడిగిన అతను కాస్త నస మనిషిలా ఉన్నాడు. మూడు వారాల కిందటి ఆ మ్యాచ్‌లో జట్టు ఒక గోలు వెనకబడి ఉంది, నీకు దెబ్బ తగిలినట్టు రిఫరీ కూడా చూడలేదు, మరి నీ అంతట నువ్వే చెయ్యెత్తి ఎందుకు కూర్చుండిపోయావని తిప్పి తిప్పి అడిగాడు. నువ్వు మన ఊరి మనిషిలాగే జవాబు చెప్పావు. "నాకు బంతి రెండుగా కనబడింది. అందుకే చెయ్యెత్తాను. అంతే."

ఆ 'అంతే' విని నేను గిన్నె పక్కన పెట్టి కుర్చీలో కూలబడ్డాను. ఏడ్చాను సిన్నె, సిగ్గు విడిచి చెబుతున్నాను, బావురుమని ఏడ్చాను. టోర్లైవ్‌కి ఇప్పుడు చెవులు బొత్తిగా పనిచెయ్యడం లేదు. నన్ను చూసి ఎవరో పోయారనుకుని, లేచి వెళ్ళి రేడియో కట్టేసి, నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఎవరూ పోలేదయ్యా, సిన్నె తల బాగుందట అని చెవిలో అరిచి చెబితే, దానికెందుకే ఏడుపు అని గిన్నె తీసుకుని తనే పిండి కలిపాడు. ఉండలు కట్టింది.

మూడు వారాలు నా ప్రాణం నా దగ్గర లేదు. ఆ మ్యాచ్ టీవీలో చూస్తూనే ఉన్నాను. కార్నర్ బంతికి నువ్వూ ఎదుటి జట్టు పొడుగుపిల్లా ఒకేసారి ఎగిరి కింద పడ్డారు. నువ్వు లేచి మూడడుగులు వేశావు. నాలుగోది వేస్తావా వెయ్యవా అని నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. టోర్లైవ్ ఏమో, పరిగెత్తవేం, పరిగెత్తవేం అని టీవీని తిడుతున్నాడు. అంతలో నువ్వు చెయ్యెత్తి, చిన్నపిల్లలా గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నావు. నీ ఆట నేను పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను. నువ్వు కొట్టిన గోల్సన్నీ ఒక ఎత్తు, ఆ కూర్చోవడం ఒక ఎత్తు నాకు. ఎందుకో ఈ ఉత్తరంలోనే చెబుతాను. ముందే చెప్పేస్తే మిగతాది చదవవు, నీ తొందర నాకు తెలుసు.

నువ్వు మన క్లబ్బు గుమ్మం తొక్కిన రోజు గుర్తుందా? పదిహేనేళ్ళ పిల్లవి. మీ పెదనాన్న కొడుకు విడిచిన బూట్లు, రెండు నంబర్లు పెద్దవి, ముందుభాగంలో వార్తాపత్రిక కుక్కి తొడుక్కొచ్చావు. నడుస్తుంటే గరగరమనేది. నేను నీ పాదం చేతిలోకి తీసుకుని చూసి, ముప్పయ్యారు, అచ్చం నాదే, అన్నాను. మన ఊళ్ళో ఆడాళ్ళ పాదాలన్నీ పడవలు. నలభై, నలభై ఒకటి. మనిద్దరివే చిన్నవి. అందుకే నీ కొత్త బూట్లు మెత్తబరిచే పని నాదయింది. జత రాగానే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు నానబెట్టి, మందపాటి మేజోళ్ళ మీద తొడుక్కుని, వారం రోజులు ఉతికే గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. అడుగున బొడిపెలు అరిగిపోకుండా రబ్బరు చాప కూడా పరిచాను. ఒకసారి అవే బూట్లతో ఇంటికొచ్చేస్తే, గుర్రాన్ని వంటింట్లోకి ఎవరు తోలారని టోర్లైవ్ అడిగాడు. నీ కాలికి ఎప్పుడూ బొబ్బ రాలేదు. ఆ బొబ్బలన్నీ నా కాళ్ళకే వచ్చాయి.

ఈ పని నేను కోరి తెచ్చుకున్నది కాదు. 1984లో మన క్లబ్బులో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు పెట్టినప్పుడు బట్టలు ఉతకడానికి మనిషి కావాలన్నారు. అప్పటికే మా అన్న ఓస్మున్ మంచాన ఉన్నాడు, వాడి బట్టలు రోజూ ఎలాగూ ఉతుకుతున్నాను, ఇంకో పద్దెనిమిది మందివి వెయ్యలేనా అని ఒప్పుకున్నాను. తర్వాత అదే నా లోకమైంది. మన దగ్గర ఎవరి బూట్లు వాళ్ళు మోసుకెళ్ళే అలవాటు లేదు కదా. ఆఖరి ప్రాక్టీసు అవగానే నా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోతారు. కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, సంచిలో పెట్టి, బస్సెక్కించి, అక్కడ ఎవరి కొక్కెం కింద వాళ్ళకి పెట్టేదాకా అవి నావి. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక మేజోడు కూడా పోలేదు. ఆ మాట నేనే నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని.

అలాంటిదాన్ని, 2013 సెప్టెంబరులో, కప్పు సెమీఫైనల్‌కి ఆరు గంటలు బస్సులో వెళ్ళి, సంచి విప్పితే నీ జత లేదు.

ఆ గది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అందరూ బూట్లు కట్టుకుంటున్నారు, నువ్వొక్కదానివే మేజోళ్ళతో నిలబడి నన్ను చూస్తున్నావు. నేను సంచి బోర్లించాను. ఆరబెట్టే గదిలో, హీటరు వెనక మర్చిపోయానన్నాను. కోచ్ స్టైనార్ మొహం కందగడ్డయింది. నిన్ను తమ జట్టులోకి తీసుకోవాలా అని చూడడానికి జర్మనీ నుంచి ఇద్దరు వచ్చి స్టాండులో కాగితాలు పట్టుకుని కూర్చున్నారని అందరికీ తెలుసు. ఎదుటి క్లబ్బు వాళ్ళ దగ్గర ఉంటాయేమో అడిగి వస్తానని నేను పరిగెత్తాను, ఉత్త చేతులతో తిరిగొచ్చాను. నువ్వు ఊరుకున్నావా, రెండో గోల్‌కీపర్‌వి ముప్పై తొమ్మిది నంబరు బూట్లు తొడిగి, మూడు జతల మేజోళ్ళు కూరి, మైదానంలోకి దిగావు. రెండు పరుగులు తీసేసరికి కాలు బూటులోంచి జారి బొక్కబోర్లా పడ్డావు. స్టైనార్ నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు. మనం ఒకటి సున్నాతో ఓడిపోయాం. ఆ ఇద్దరూ సగంలోనే లేచి వెళ్ళిపోయారు.

బస్సులో నువ్వు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి మర్చిపోయావు బోర్గిల్డ్. ఆ ఒక్కసారీ నావే దొరికాయా నీకు?" నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సోమవారం ప్రాక్టీసుకి నువ్వు ఇంట్లో ఉన్న పాత జత నీ సొంత సంచిలో వేసుకుని వచ్చావు. అయిపోయాక నీ సంచిలోనే వేసుకుని వెళ్ళిపోయావు. ఒక్క తిట్టు తిట్టలేదు. నా బల్ల మీద పద్దెనిమిది జతల్లో పదిహేడే ఉన్నాయి. వారం తిరిగేసరికి పన్నెండయ్యాయి, ఆ తర్వాత ఆరు. ఊళ్ళో అయితే చెప్పనక్కర్లేదు. కొట్లో నేను కూరలు కొంటుంటే, పర్సు తెచ్చుకున్నావా బోర్గిల్డ్, హీటరు వెనక పెట్టి వచ్చావా అని ఆ ఒలాఫ్ గాడు రెండేళ్ళు అదే జోకు వేశాడు. వాడికి ఇంకోటి రాదు. మార్చిలో కమిటీ వాళ్ళు నన్ను పిలిచి, నీకూ వయసు మీద పడుతోంది, కాస్త తేలిక పని చూసుకో అని మెత్తగా చెప్పి, వాఫిల్ పెనం చేతికిచ్చారు. తేలికట. ఆ పెనం ముందు ఒక శనివారం నిలబడి చూడమను వాళ్ళని.

నువ్వు స్వీడన్‌కి వెళ్ళిపోయే ముందు వీడ్కోలుకి వచ్చి అందర్నీ కావలించుకున్నావు. కొట్టు దగ్గరికి కూడా వచ్చావు. నా పెనం ఖాళీగా ఉన్నా పక్క పెనం దగ్గర నిలబడి వాఫిల్ కొనుక్కుని వెళ్ళావు. నేను తప్పు పట్టలేదు. ఆ వయసులో నేనైతే వాఫిల్ మొహాన కొట్టేదాన్ని. స్వీడన్‌లో రెండేళ్ళు, ఆ తర్వాతే గదా నీకు జర్మనీ దక్కింది. ఆ రోజు ఆడి ఉంటే ఇరవయ్యేళ్ళకే వెళ్ళేదానివి. ఎన్నేళ్ళు పోయాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. నీ ప్రతి మ్యాచ్ చూశాను. నువ్వు గోలు కొట్టినప్పుడల్లా, హమ్మయ్య, నా బాకీ ఇంకాస్త తీరింది అనుకునేదాన్ని.

ఇక ఇక్కడి కబుర్లు. మీ గోల్‌కీపర్ ఎల్డ్రిడ్ ఇప్పుడు మన కోచ్ అయింది. దాని గొంతు తెలుసు కదా, అది గోలులో నిలబడి అరిస్తే రేవులో పడవలు కదిలేవి. ఇప్పుడు గట్టున నిలబడి అరుస్తోంది. బట్టలు చూసుకునే కుర్రవాడు వేరే క్లబ్బుకి పోయాడని, మళ్ళీ నన్నే రమ్మని పోయిన నెల ఇంటికి వచ్చింది. నాకు అరవై ఏడు వచ్చాయే, మతిమరుపు మనిషిని, నా చేతికి ఎలా ఇస్తావు అన్నాను. అది కాఫీ తాగుతూ, పదేళ్ళు కావస్తోంది, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు అంది. నాకు గుర్తుంది అన్నాను. సిన్నెకీ గుర్తుంది అన్నాను. ఆలోచించుకుని చెబుతానని పంపించాను. సోమవారం నీ మాట విన్నాక ఆలోచన తేలిపోయింది. ముందు నీకు ఉత్తరం రాయాలి, ఆ తర్వాతే ఎల్డ్రిడ్‌కి జవాబు. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆకలి కూడా వేస్తోంది నాకు. నిన్న ఊరేగింపులో వాన కుమ్మేసింది, పండగ బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి, అయినా నేను పిల్లలతో పాటు మూడు వాఫిళ్ళు తిన్నాను. ఉండలు కట్టినవే.

ఫైనల్ బాగా ఆడు. ఆడలేననిపిస్తే మళ్ళీ చెయ్యెత్తు, గడ్డిలో కూర్చో. ఓడినా గెలిచినా మీ పిన్నికి ఫోను చెయ్యి, పాపం అది నీ గురించి తలుచుకోని రోజు లేదు.

నీ బూట్లలో ఐదేళ్ళు నడిచిన
బోర్గిల్డ్

తా.క. సంతకం పెట్టేశాను గానీ, రాయాల్సింది ఇంకా రాయలేదు. ధైర్యం చాలక అటూ ఇటూ తిప్పాను.

నేను నీ బూట్లు మర్చిపోలేదు సిన్నె. ఆరు గంటల ప్రయాణమూ అవి నా సీటు కిందే ఉన్నాయి. చేతిసంచిలో, తువ్వాలులో చుట్టి, పైన రొట్టెల డబ్బా పెట్టాను.

అంతకు ముందు గురువారం, ప్రాక్టీసు అయిపోయి అందరూ వెళ్ళాక నువ్వొక్కదానివే బంతిని తలతో కొట్టడం సాధన చేస్తున్నావు. నా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బంతి కోసం ఎగిరి గోలుస్తంభానికి తల కొట్టుకున్నావు. కాసేపు లేవలేదు. నేను వచ్చేలోపు లేచి నవ్వుతూ వచ్చావు. గదిలో కూర్చుని, బయల్దేరేది ఎప్పుడు అని అడిగావు. శనివారం అన్నాను. కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడుక్కుంటూ, బయల్దేరేది ఎప్పుడు బోర్గిల్డ్ అని మళ్ళీ అడిగావు. తర్వాత నా తొట్టిలో కక్కుకున్నావు. అది కడిగింది నేనే. నా చెయ్యి పట్టుకుని, ఎవరితోనూ చెప్పనని ఒట్టు వేస్తే గానీ వదల్లేదు. జర్మనీ వాళ్ళు వస్తున్నారు, నా బతుకంతా శనివారం మీదే ఉంది అన్నావు. ఒట్టేశాను. ఇవేవీ నీకు గుర్తుండవు. మర్నాడు నిన్ను అడిగితే, ఏ దెబ్బ అన్నావు, వెలుతురుకి కళ్ళు చిట్లించుకుంటూ.

స్టైనార్‌తో చెప్పినా ఒరిగేదేమీ లేదు. అప్పట్లో తలకి తగిలితే నీళ్ళు చల్లి లేవమనేవాళ్ళు. మా అన్న ఓస్మున్‌ని నువ్వు చూడలేదు. పడవలో తలకి దెబ్బ తగిలితే, ఏం కాలేదులే అని మర్నాడు మళ్ళీ వేటకి వెళ్ళాడు, మళ్ళీ పడ్డాడు. ఆ రెండోది పెద్ద దెబ్బేం కాదు. పోయేదాకా ఇరవై రెండేళ్ళు నా పేరు వాడికి తెలియలేదు. నీ పాదం నా పాదమంతే ఉండొచ్చు, నీ తల బరువు మోసే బలం మాత్రం నాకు లేదనిపించింది. ఒట్టూ తప్పలేను, నిన్నూ ఆడనివ్వలేను. నా చేతిలో ఉన్నవి బూట్లే.

ఇంకోటి కూడా చెప్పాలి. ఎదుటి క్లబ్బులో బట్టలు చూసే ఆవిడ దగ్గర ముప్పయ్యారు నంబరువి మూడు జతలున్నాయి. తీసి బల్ల మీద పెట్టింది. వద్దులెండి అన్నాను. ఆవిడ నన్నొకసారి చూసి, వాటిని మళ్ళీ అలమరలో పెట్టేసింది. నువ్వు ముప్పై తొమ్మిది తొడుక్కుని దిగినప్పుడు, బొక్కబోర్లా పడినప్పుడు, నేను నీ తలనే చూస్తున్నాను. చేతులు ముందుపెట్టి పడ్డావు, తల నేలకి తగల్లేదు. బతికిపోయాననుకున్నాను.

ఆ దెబ్బ నిజంగా పెద్దదో, లేక నేనే అనవసరంగా నీ అదృష్టాన్ని సీటు కింద పెట్టుకుని కూర్చున్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ డాక్టరూ చెప్పలేడు. కానీ తలలో పాత మచ్చ కూడా లేదన్నారు చూడు, నాకది చాలు. నీకు కోపం వస్తే రానీ. పక్క పెనం దగ్గరే కొనుక్కో, నేనేమీ అనుకోను.

ఎవరితోనూ చెప్పొద్దన్నావు. స్టైనార్‌తో చెప్పలేదు, కమిటీతో చెప్పలేదు, టోర్లైవ్‌తో కూడా చెప్పలేదు. ఇప్పుడు కూడా నీ ఒక్కదానితోనే చెబుతున్నాను.